కుక్కకి కాళ్ళు

మొన్న కంచికచర్ల చికెన్ షాపులో నా ముందున్నావిడ "మా కుక్కకి కాసిని కాళ్ళు వెయ్యండి" అంది. షాపతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చిన్నప్పుడు నందిగామలో ఆదివారం చర్చి నుంచి రాగానే "ఇవాళ కూరేంటమ్మా?" అని అడిగేదాన్ని. అమ్మ నా చేతికి గిన్నె ఇచ్చి, "కోడికాళ్ళు కుక్కకని అడుగు" అనేది. కుక్కకైతే ఊరికే ఇచ్చేవాళ్ళు. మాకు కుక్క లేదు. మసాలా దట్టించి అమ్మ వండిన ఆ కాళ్ళని ఎముకలతో సహా చీకేవాళ్ళం.

ఒకసారి షాపాయన "మీ కుక్క పేరేంటే?" అన్నాడు. ఏం చెప్పాలో తోచక నా ముద్దుపేరే చెప్పేశాను. అప్పట్నుంచి నేను కనపడితే చాలు, "చిట్టి వచ్చింది, కాళ్ళెయ్యండ్రా!" అని అరిచేవాడు. షాపంతా నవ్వేది. నేనంటే వాళ్ళకెంత ఇష్టమో అనుకున్నాను.

ఆ సంగతంతా ఓ రోజు అమ్మకి గొప్పగా చెప్పాను. కూర కలుపుతున్న గరిటె ఆగిపోయింది. ఆ నవ్వేమిటో నాకు తెలియడానికి ఏళ్ళు పట్టింది. అమ్మకి క్షణం పట్టలేదు.

మళ్ళీ ఆదివారం పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నేనే గిన్నె తీసుకుని "కాళ్ళు తేనా?" అన్నాను.

"వద్దు. అడిగితే కుక్క చచ్చిపోయిందని చెప్పు."