నా పెళ్ళిలో పియానో

ముందే చెబుతున్నాను, ఇది నా పెళ్ళి పెటాకులు కాబోయిన కథ. తప్పంతా నాదే. చెప్పీ చెప్పీ అలిసిపోయాను, అయినా ఏ విందులోనూ మా వాళ్ళు నన్ను వదలరు.

అప్పట్లో నాకు ఒక కాన్చెర్టో అంటే ప్రాణం. ఒక పియానో, దాని చుట్టూ పెద్ద ఆర్కెస్ట్రా, రెండూ మాట్లాడుకుంటున్నట్టు సాగే పాశ్చాత్య సంగీతం అది. దాని మధ్య భాగం వింటే నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు చేసొచ్చిన ఒంటినొప్పులు కూడా మరిచిపోయేవాడిని. పిచ్చి కుదిరింది, పియానో తలకు చుట్టమన్నట్టు, పెళ్ళికూతురు చర్చిలోకి నడిచొచ్చేటప్పుడు అదే మోగాలని పట్టుబట్టాను.

పాటలు పెట్టే పని మా బాబాయి కొడుకు డేవిడ్‌ది. "అన్నా, గిది మస్తు పొడుగున్నది. వదిన వచ్చి నిలబడంగనే బంద్ జేస్త," అన్నాడు.

"మధ్యల ఆపితే పాపం తగుల్తది రా. అయిపోయేదాక ముట్టకు," అన్నాను.

మా చర్చిలో పెళ్ళికూతురు వస్తుంటే అందరూ లేచి నిలబడతారు. సంగీతం ఆగేదాకా ఎవరూ కూర్చోరు, పాస్టరుగారు నోరు విప్పరు. చర్చి చూస్తే ఏమంత పొడుగు కాదు. పెళ్ళికూతురు సునీత ఎంత మెల్లగా నడిచినా, పియానో ఊపందుకోకముందే వచ్చి నా పక్కన నిలబడింది.

ఇక ఉప్పల్ నుంచి వచ్చిన అమ్మాయి తరఫువాళ్ళు, మెట్రోలో సీటు దొరకనట్టు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నారు. మోకాళ్ళ నొప్పుల మామగారు బెంచీ పట్టుకున్నారు. డేవిడ్ నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"జర ఆపమను. మా నాయిన నిలబడలేకపోతుండు," సునీత ముసుగులోంచి గుసగుసలాడింది.

నేను కళ్ళు మూసుకుని, పెదవుల మీద వేలు పెట్టి, "ష్, ఇప్పుడు పియానో ఒక్కటే వస్తది, విను," అన్నాను.

అవునండీ, పాస్టరుగారి ఎదుటే పెళ్ళికూతుర్ని నోరు మూసుకోమన్నాను.

ఎట్టకేలకు సంగీతం ముగిసింది. అందరూ ఉస్సురని కూలబడ్డారు. పాస్టరుగారు, "ఈయనను భర్తగా స్వీకరిస్తున్నావా?" అని సునీతను అడిగారు. ఆమె వెనక్కి తిరిగి, మోకాళ్ళు రుద్దుకుంటున్న మామగారి వైపు చూసింది. మళ్ళీ అడిగారు. ఈ అమ్మాయి వెనక్కి వెళ్ళిపోతే నేనేమైపోతానని నిజంగా భయం వేసింది.

"ఇష్టమే అయ్యగారూ. కానీ ఇంట్ల పాటలు నేనే పెడ్త. గా మాటకు ఆయనను ఒప్పించుండ్రి."

ఆ షరతు ప్రమాణాల్లో ఎక్కడా లేదు. కానీ కాళ్ళు పీకుతున్న పాస్టరుగారు నా జవాబు కోసం కూడా చూడకుండా "ఆమెన్" అనేశారు.

అప్పటినుంచి ఆ కాన్చెర్టోను కంపెనీ బస్సులోనే వింటున్నాను. సర్వజనుల ఎదుట ఇందుమూలంగా ప్రమాణం చేసేదేమనగా, పియానో ఎంత తియ్యగా పలికినా సరే, నా భార్య మాట్లాడుతుండగా నా వేలు నా పెదవుల దాకా రాదు. ఒకవేళ వస్తే, ఉంగరమున్న వేలితోపాటు ఆ వేలు కూడా సునీతదే.