అతుకు కనబడని బంపరు

మొన్న కోదాడలో మా అల్లుడు కొత్త కారును హైవే పక్కన స్టిక్కర్ల దుకాణానికి తీసుకుపోతుంటే తోడుగా నేనూ వెళ్లాను. ముందు జాలీ మీద, కిటికీల చుట్టూ ఉన్న మెరుపు పట్టీల మీద అక్కడి పిల్లలు నల్లటి స్టిక్కరు అంటించి వేడిగాలితో సాపు చేస్తున్నారు. ఎందుకని అడిగితే, మెరిసేవి ఇప్పుడెవరికీ నచ్చడం లేదని, ముసలివాళ్ల బండిలా ఉంటుందని అల్లుడు నవ్వాడు. నేనూ నవ్వాననుకోండి. కానీ ఆ పట్టీలు ఒక్కొక్కటే నల్లబడుతుంటే నిలబడి చూడలేక, టీ తాగి వస్తానని చెప్పి రోడ్డు దాటాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బండికి అందమంటే మెరుపే. అంబాసిడర్ బంపరులో మొహం చూసుకుని తల దువ్వుకున్న వాళ్లం మనం. సూర్యాపేటలో ఆ మెరుపు పూత వేసే షెడ్డు మా పెద్దబావది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరకక నేను కొన్నేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. ఇనుమును నున్నగా సానపట్టి, ముందు రాగి నీళ్లలో, తర్వాత నికెల్ నీళ్లలో, చివరికి క్రోమ్ తొట్టిలో ముంచి కరెంటు పెట్టేవాళ్లం. ఆ ఆఖరి తొట్టి మీద పసుపుపచ్చటి ఆవిరి లేచేది. తలుపులు బార్లా తీసి పెట్టుకోవడం తప్ప మరో జాగ్రత్త మాకు తెలియదు. బావ ముక్కులోంచి అప్పుడప్పుడు రక్తం కారితే, వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగి మళ్లీ పనిలోకి వచ్చేవాడు.

ఆ కాలంలోనే మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు సావుకారు, పాత అంబాసిడర్‌కు టాపు కోయించి విదేశీ కారులా మార్పిస్తూ, దాని బంపర్లు మా దగ్గరికి తెచ్చాడు. వాటిని కురచ చేసి, మూలలు లోపలికి వంచి, మళ్లీ ఒకే రేకులా మెరిసేటట్టు చేయాలి. పూత ఉన్న రేకును ఉన్నట్టే అతికితే నిలవదు. పాత పూతంతా వదలగొట్టి, కోసి, వెల్డింగ్ పెట్టి, అరగదీసి, మొదటినుంచీ మళ్లీ పూత వేయాలి. రాగి ఎక్కేదాకా బాగానే ఉండేది, క్రోమ్ పడగానే అతుకు సన్నటి గీతలా తేలేది. ఇంకొకరైతే ఆ గీత మీద నంబరు ప్లేటు బిగించి సరిపెట్టేవారు. బావ మాత్రం పూత వదలగొట్టి మళ్లీ మొదలుపెట్టేవాడు, మళ్లీ ఆ ఆవిరి మీదికే వంగేవాడు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం భోజనానికి ఇంటికి వెళ్లాం. బావ గడపలో చెప్పులు విప్పుతూ, రోజూ అనేటట్టే, చారు వాసన బజారు దాకా వస్తున్నదని అన్నాడు. కిరసనాయిలు అయిపోయి అక్క ఊరికే కూర్చుని ఉంది.

"ఇయ్యాల పొయ్యే ముట్టియ్యలే," అన్నది అక్క.

బావ అలాగే వంగి ఉండిపోయాడు. ఎప్పటినుంచి వాసన తెలియడం లేదని అక్క అడిగితే, "ఎప్పుడు పోయిందో నాకే ఎరుక లేదు" అన్నాడు మెల్లగా.

మర్నాడు దవాఖానలో చూపిస్తే, ముక్కు లోపలి గోడకు చిల్లు పడిందని, ఊపిరితిత్తులు కూడా దెబ్బతిన్నాయని, ఆ పని మానుకొమ్మని డాక్టరు చెప్పాడు. ఆ రోజే షెడ్డుకు తాళం వెయ్యమని అక్క బతిమిలాడింది.

"ఒప్పుకున్న పని. ఇదొక్కటి కానియ్యి, ఇగ తొట్టి ముట్ట," అన్నాడు బావ.

అక్క ఆ బంపర్లు అయ్యేదాకా రోజూ షెడ్డుకు వచ్చి, తువాలు తడిపి ఆయన ముక్కుకు తానే కట్టేది, ఆరిపోగానే విప్పి మళ్లీ తడిపేది. చివరికి ఒక సాయంత్రం, అతుకు ఎక్కడుందో వెతకమని బావ నన్ను పిలిచాడు. వేలితో తడిమినా నాకు దొరకలేదు.

మేం మిర్యాలగూడ వెళ్లి బంపర్లు బిగించాక, సావుకారు సంబరపడి బావను తన పక్కన కూర్చోబెట్టుకుని కాలువ గట్టు వెంట త్రిపురారం దాకా తిప్పుకొచ్చాడు. వరికోతల రోజులవి. కొత్త గడ్డి వాసన ఎంత బాగుందోనని బండిలో వాళ్లంతా అంటుంటే తానూ తలూపానని బావ తిరుగు బస్సులో నాతో చెప్పాడు.

అన్నట్టుగానే షెడ్డు మూసేశాడు. నేరేడుచర్లలో ఒక మిల్లులో గుమస్తాగా కుదిరాడు గానీ దగ్గు ఆయనను వదలలేదు. కొన్నాళ్లకే మంచం పట్టి, వానలు మొదలయ్యే లోపు పోయాడు. దినాలయిపోయి చుట్టాలందరూ వెళ్లిన రోజు అక్క నాతో ఒక మాట అన్నది. "ఆయనకు వాసన తెలుస్తలేదని నాకు ముందే అనుమానముండె, తమ్మీ. అడిగితే నిజమైతదని అడగలే."

ఇప్పుడు మా వైపు అలాంటి షెడ్లు కనబడవు. మెరిసే ముక్కలు, సగానికి పైగా ప్లాస్టిక్కువే, ఎక్కడో తయారై అట్టపెట్టెల్లో దిగుతున్నాయి. అక్కడ పనివాళ్లకు ముఖానికి ముసుగులు, ఆవిరిని లాగే ఫ్యాన్లు ఉంటాయంటారు. ఉంటే సంతోషమే. మన కాలంలో ఒక వస్తువు ఎవరి చేతి మీదుగా వచ్చిందో తెలిసేది, అందుకోసం ఆ మనిషి ఏం పోగొట్టుకున్నాడో కూడా కళ్లారా చూసేవాళ్లం. ఇప్పుడు అది చూడాల్సిన అవసరం లేదు. ఒక విధంగా సుఖమే కావచ్చు. కానీ అలాంటి మనిషి ఒకడు ఎక్కడో ఉన్నాడన్న తలపైనా ఎవరికీ రావడం లేదు.