దించే తాడు

లోకేశ్ చెప్పే కథ ఇది. దేవరాజు మస్కట్‌లో పన్నెండేళ్ళు ఓడకు కెప్టెన్‌గా చేశాడు. వచ్చేటప్పుడు ఆ ఓడ తెరచాప ఒకటి వెంట తెచ్చుకున్నాడు. మొన్న మార్చిలో గాలిదుమారం లేచి మార్కెట్ యార్డులో రేకులు ఎగురుతుంటే, దుకాణం పక్కన కట్టిన తెరచాప పోలుతో సహా కూలబోయింది. అప్పుడు దేవరాజు ఉరికొచ్చి, ఇరవై అడుగుల పోలు చకచకా ఎక్కి, పంటితో తాడు కొరికి చాపను దించాడు.

"నా కండ్లతోని చూసిన," అంటాడు లోకేశ్. అతనిది డీసీఎం బండి. పసుపు బస్తాలతో ఊరూరా తిరుగుతాడు కనుక కథ కూడా తిరిగింది. మాక్లూరు చేరేసరికి తాడు ఇనుప తీగ అయింది. నవీపేటలో దేవరాజు పక్కన ఒక తెల్లదొర కూడా నిలబడ్డాడు.

లోకేశ్ అబద్ధాలకోరు కాదు. దేవరాజన్నను పోలు మీద చూసింది నిజమే.

దేవరాజన్నది భీమ్‌గల్ దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్ళప్పుడు మస్కట్ వెళితే, పడవల తెరచాపలు కుట్టే షెడ్డులో ఊడ్చే పని దొరికింది. ఏడాది తిరక్కుండానే మిషన్ మీద కూర్చున్నాడు. పన్నెండేళ్ళు కుట్టాడు కానీ ఒక్కసారీ పడవ ఎక్కలేదు. షెడ్డులోంచి సముద్రం కనిపించేది కాదట, వాసన మాత్రం వచ్చేదట. గాలి గురించి, నీళ్ళ గురించి ఆయనకు తెలిసిందంతా చిరిగి వచ్చిన చాపలను చూసి తెలుసుకున్నదే. ఎక్కడ చిరిగింది, ఎక్కడ సాగింది, ఏ కుట్టు ముందు విడిపోయింది అన్నది చూసి, పడవ మీద ఏం జరిగి ఉంటుందో ఊహించేవాడు.

తిరిగి వచ్చాక ఆర్మూరులో యార్డు గేటుకు ఎదురుగా తాడిపత్రుల దుకాణం, అంటే టార్పాలిన్ పట్టాల దుకాణం పెట్టాడు. నేను అక్కడ అంచులు మడిచి కుడతాను, తాడు దూర్చే కంటలు కొడతాను. ఆయన ఇప్పటికీ అలాగే చూస్తాడు. ఎవరైనా కొత్త తాడిపత్రి అడిగితే ముందు పాతది తెమ్మంటాడు. పసుపు రైతు భోజన్న ఒకసారి విసుక్కుంటూనే పాతది తెచ్చి ముందు పడేశాడు.

దేవరాజన్న దాన్ని పరిచి, ఒక మూల వేలితో రాసి చూశాడు. "నువ్వు గీ మూలకు సిమెంటిటుక పెడుతున్నవ్. తక్కిన మూడు మూలలకు మట్టి సంచులు పెడుతున్నవ్."

"నువ్వెప్పుడొచ్చినవ్ మా కల్లం కాడికి?"

"నేను రాలే. గిది చెప్పింది. మట్టి సంచి ఇంకోటి తెచ్చుకో, కొత్తది అక్కర్లేదు."

భోజన్న కొత్తది కొనకుండానే వెళ్ళాడు. వెనకాల నర్సవ్వ వదిన నవ్వింది. "దుకాణం పెట్టిండు, బేరాలు ఎల్లగొడుతడు."

నర్సవ్వ వదిన దేవరాజన్న భార్య. రెండేళ్ళ కిందట పుట్టింటి కల్లంలో పసుపు ఆరబోసి ఉండగా వాన వచ్చింది. తడిస్తే కొమ్ములు నల్లబడతాయని పరుగెత్తి తాడిపత్రి లాగబోయి, జారి కుడి భుజం మీద పడింది. నిజామాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. చెయ్యి బాగానే ఉంది కానీ భుజం దాటి పైకి లేవదు. జడ ఎడమ చేత్తో వేసుకోవడం నేర్చుకుంది.

ఫిబ్రవరి చివర్లో దేవరాజన్న ఫోనుకు మస్కట్ కాలం నాటి ఒక గిరాకీ నుంచి కబురు వచ్చింది. ఆయన పేరు హెండ్రిక్. డెబ్బై ఏళ్ళవాడు. భార్య మారియాతో కలిసి పడవ మీదే ఉంటాడు, ఊర్ల మీద ఊర్లు తిరుగుతాడు. ఇప్పుడు కొచ్చిలో ఆగారు. ముందు కట్టే చిన్న తెరచాప పాడైపోయింది. గాలి ఎక్కువైనప్పుడు పెద్ద చాపలు దించేసి దీని మీదే నెట్టుకొస్తారు. కొత్తది రెండు రకాల్లో ఏది వేయించుకోవాలో నువ్వు చెప్పు, నువ్వు చెప్పిందే చేస్తాం, అని ఆయన అడిగాడు.

ఆ రెండు రకాలూ దేవరాజన్న నాకు కాగితం మీద గీసి చూపించాడు. మొదటిది చుట్టుకునేది. చాప అంచు ఒక గొట్టానికి బిగించి ఉంటుంది, గొట్టం కింద తాడు చుట్టిన డ్రమ్ము. కూర్చున్న చోటి నుంచే తాడు లాగితే గొట్టం తిరిగి, చాప దుకాణం షట్టరులా చుట్టుకుపోతుంది. రెండోది హుక్కులది. చాప అంచు పొడవునా ఇత్తడి హుక్కులు, ఒక్కొక్కటీ తీగకు తగిలించాలి. దించాలంటే ఒకరు పడవ ముందు కొసకు నడిచి వెళ్ళి చేత్తో కిందికి గుంజాలి.

"గిందులో అడిగేదేమున్నది?" అంది నర్సవ్వ వదిన. "కూసున్న కాడనే అయితుంటే ముందుకు ఎవరు పోతరు?"

దేవరాజన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన వెంటనే ఎందుకు ఒప్పుకోలేదో మూడు రోజులు చూస్తే నాకు అర్థమైంది. చుట్టుకునేదైతే గొట్టం, డ్రమ్ము ఆ పడవ తీగకే కొలిచి బిగించాలి. చాప కూడా అక్కడే కుట్టాలి. కొచ్చిలో చేసేవాళ్ళు ఉన్నారు. హుక్కులదైతే కొలతలు పంపిస్తే చాలు, ఇక్కడే కుట్టి పంపవచ్చు. దేవరాజన్న తెరచాప కుట్టి ఆరేళ్ళయింది. మస్కట్ నుంచి తెచ్చుకున్న తోలు అరచేతి కవచం, మందపు సూదులు డ్రాయరులోనే ఉన్నాయి. ఆ మూడు రోజుల్లో సూదులకు రెండుసార్లు నూనె రాశాడు.

పైగా అటువైపు నుంచి ఇంకో మాట తెలిసింది. మారియాకు కిందటేడు భుజానికి ఆపరేషన్ అయింది. హెండ్రిక్‌కు జ్వరమొచ్చి లోపల పడుకుంటే పడవను ఆమె ఒక్కతే చూసుకోవాలి.

మూడో రోజు సాయంత్రం ఆయన ఫోన్ నా చేతికిచ్చాడు. "రాయి చెల్లె. చుట్టుకునేదే పెట్టుకొండ్రి అని రాయి."

రాశాను. పంపాలా అని అడిగాను.

"ఆగు." ఫోన్ తిరిగి తీసుకున్నాడు. "హుక్కులదే మంచిదని నా పానం చెప్తున్నది. గని గది నా చేతుల దురద చెప్తున్నదో, నిజంగనే మంచిదో నాకు సమజైతలే. చుట్టుకునేవి సగం చుట్టినంక ఇరుక్కపోయి పీలికలై వచ్చినయి నేను శానా చూసిన. గట్లని ఆమె భుజం సంగతి ఇడిచిపెడ్తనా?"

"మరి తెల్వకపోతే కట్టి చూడు," అంది నర్సవ్వ వదిన, బియ్యం చెరుగుతూ. "భుజం కావాలంటే నాది ఉన్నది."

దుకాణం పక్క ఖాళీ జాగాలో దేవరాజన్న ఇనుప పోలు పాతాడు. పై కొస నుంచి నేల మీది మేకు వరకు ఏటవాలుగా తీగ లాగాడు. పాత తాడిపత్రిని మూడు మూలల చాపగా కత్తిరించాడు. ముందు చుట్టుకునేది. బోరు గొట్టాన్ని తీగకు తొడిగి, పెయింటు బకెట్‌తో కింద డ్రమ్ము చేశాడు. నర్సవ్వ వదిన పీట మీద కూర్చుని ఎడమ చేత్తో తాడు లాగితే చాప బుద్ధిగా చుట్టుకుపోయింది.

యార్డు హమాలీలు పని మానేసి చూశారు.

"ఏందన్నా, పోచంపాడు డ్యాంల ఓడ నడుపుతున్నవా?" అన్నాడు ముత్తెన్న. "నన్ను గూడ ఎక్కించుకో. దుబాయి కాడ దించు."

"నీకు దుబాయెందుకు బావా," అంది నర్సవ్వ వదిన. "నువ్వు చౌరస్తా దాటితెనే మా కమలవ్వ అక్క నాలుగుసార్లు ఫోన్ చేస్తది."

నాలుగు రోజులు అది బాగానే పనిచేసింది. దేవరాజన్న ప్రతిసారీ "మంచిగనే ఉన్నది" అనేవాడు. అన్నాక సూదుల డ్రాయరు వైపు చూసేవాడు కాదు.

ఐదో రోజు మధ్యాహ్నం యార్డు వైపు నుంచి గాలి లేచింది. వదిన తాడు లాగింది. చాప సగం చుట్టుకుని ఆగిపోయింది. డ్రమ్ము మీద ఒక వరస తాడు ఇంకో వరస కిందికి దూరి బిగిసింది. మిగిలిన సగం చాప సంచిలా ఉబ్బి, పోలును ఊపేసింది. అటు చుట్టుకోదు, ఇటు విడవదు. చివరికి ముగ్గురు హమాలీలు చాపను పట్టుకుంటే దేవరాజన్న డ్రమ్ము తాడును కత్తితో కోశాడు.

"బకెటు డ్రమ్ము," అన్నాడు రొప్పుతూ. "కంపెనీది ఇంత జల్ది ఇరుక్కోదు. గని ఇరుక్కున్నప్పుడు గిట్లనే అయితది. అక్కడ ముత్తెన్న ఉండడు గదా."

మర్నాడు హుక్కులది కట్టి, పోలు పైన గిరకలోంచి ఎక్కించే తాడు వేశాడు. పరదా రింగుల్లా హుక్కులు తీగ మీద సులువుగా జారాయి. దించేటప్పుడు మాత్రం వదిన లేచి మేకు దాకా నడిచి, తల మీద వేలాడే గుడ్డను చేత్తో అందుకోవాలి. రెండుసార్లు ప్రయత్నించింది. పడవ మీదలాగా ఎడమ చేత్తో తీగ పట్టుకుంటే, కుడి చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది. దేవరాజన్న తీగ విప్పబోయాడు.

"అయిపోయింది. చుట్టుకునేదే. కొచ్చిల చేయించుకోమని రాస్త."

"జర ఆగు." వదిన చాప వంక చూస్తూ ఉంది. "ఎక్కించేటప్పుడు ఎండ ఉంటది. తీరిగ్గ ఎక్కించుకుంటరు, ఇద్దరుంటరు. దించేటప్పుడే గద వాన. మీ చాపలోళ్ళేమో ఎక్కించేటందుకు తాడు పెట్టిన్రు, దించేటందుకు చెయ్యి పెట్టిన్రు. పై హుక్కుకు ఇంకో తాడు కట్టి కిందికి తేరాదు? నేను కూసున్న కాడికెల్లి గుంజుత."

దేవరాజన్న తీగ వదిలేశాడు. పోలు దగ్గరే కూర్చుని పై హుక్కు వైపు చూశాడు.

"కొన్ని చాపలకు పై మూల కింద చిన్న కడియం కుట్టమనేటోళ్ళు," అన్నాడు. "పన్నెండేండ్లు కుట్టిన. సంచిల పెట్టినంక మూతి కట్టేటందుకేమో అనుకున్న. ఎందుకని ఒక్కనాడు అడగలే. గది దించే తాడుకన్నట్టు."

"పడవెక్కితే తెలుస్తుండె," అంది వదిన.

"నువ్వెక్కినవా?"

"నేను కల్లంల పడ్డ. గది సాలదా?"

పై హుక్కుకు తాడు కట్టి, దాన్ని కింద మేకు దగ్గరి గిరకలోంచి తిప్పి, వదిన పీట దాకా తెచ్చాడు. ఎక్కించిన తాడు వదిలి ఈ తాడు లాగితే చాలు, హుక్కులన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. కానీ ఆ రోజు గాలి లేదు. గాలి లేనిదే తాను జవాబు పంపనన్నాడు. హెండ్రిక్‌కు ఆదివారం దాకా గడువు అడిగాడు. గాలి కోసం ఎదురుచూసిన మనిషి ఆ వారం ఆర్మూరులో ఆయన ఒక్కడే. పసుపు ఆరబోసుకున్న రైతులంతా వద్దని మొక్కుతున్నారు.

శనివారం వచ్చింది గాలి. ఉదయం నుంచి ఉక్కగా ఉండి, మూడింటికి భీమ్‌గల్ గుట్టల వైపు ఆకాశం నల్లబడింది. యార్డులో భోజన్న పసుపు బయట పోసి ఉంది. దేవరాజన్న రెండు తాడిపత్రులు భుజాన వేసుకుని అటు పరుగెత్తాడు. నేను దుకాణం ముందు వేలాడేసిన సరుకు లోపలికి లాగుతున్నాను. ఒక్కసారిగా దుమ్ము కమ్మింది. యార్డులో ఏదో రేకు లేచి పడిన చప్పుడు. చాప బిగిసి, పోలు మూలిగింది. నేను "వదినా" అని పిలిచేలోపే పీట మీద ఉన్న వదిన ఎక్కించిన తాడు వదిలేసి దించే తాడు అందుకుంది. హుక్కులు తీగ మీద బర్రున జారాయి. దుమ్ము తుడుచుకుని చూసేసరికి చాప మేకు దగ్గర మడతలు పడి ఉంది. వదిన తాడు కొసను పాదం కింద నొక్కి పెట్టి ఉంది.

పావుగంటకు దేవరాజన్న తడిసి వచ్చాడు. కింద ఉన్న చాపను చూశాడు, వదినను చూశాడు.

"ఎంత సేపు పట్టింది?"

"సేపేంది," అంది వదిన. "గుంజిన, వచ్చింది."

పై గిరక గాలికి పోలును కొడుతూ ఉంది. ఊడి ఎవరి నెత్తినైనా పడుతుందని ఆయన వానలోనే పోలు ఎక్కి, దాని ముడిని పంటితో వదులు చేసి విప్పాడు. లోకేశ్ డీసీఎం యార్డులోంచి బయటికి వచ్చింది అప్పుడే.

నేను రాసి ఉంచిన పాత జవాబును ఆయన తుడిపించాడు. తానే మస్కట్‌లో నేర్చిన ఇంగ్లీషులో ఫోన్‌లో మాట్లాడి పంపాడు. చుట్టుకునేది కావాలంటే కొచ్చిలో ఎవరు చేస్తారో ముందు చెప్పాడు. తర్వాత, హుక్కులదే పెట్టుకోమని, పై హుక్కుకు దించే తాడు కట్టి మారియా కూర్చునే చోటికి తెచ్చుకోమని, అప్పుడు ఎవరూ ముందుకు వెళ్ళే పని ఉండదని చెప్పాడు. "మా ఇంట్లామెతోని చూసినంకనే చెప్తున్న," అని రెండుసార్లు అన్నాడు.

వాళ్ళు హుక్కులదే కావాలన్నారు. తెల్లటి గుడ్డ కొచ్చి నుంచే వచ్చింది. యార్డు పసుపు దుమ్ము అంటకుండా దుకాణం ముందు తడి పరదాలు కట్టి తొమ్మిది రోజులు కుట్టాం. దేవరాజన్న ఆ తొమ్మిది రోజులూ తక్కువ మాట్లాడాడు, ఎక్కువ తిన్నాడు. పై మూల కింద కడియం వదిన చూస్తుండగా కుట్టాడు. వైశాఖం రాకముందే మారియా నుంచి ఒక మాట వచ్చింది. దారిలో గట్టి గాలి తగిలిందని, హెండ్రిక్ నిద్రలో ఉన్నాడని, చాప తానే దించానని.

లోకేశ్ కథ ఇప్పుడు భీమ్‌గల్ దాకా వెళ్ళింది. దేవరాజన్నను ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకుంటాడు. గాలి వచ్చినప్పుడు ఆయన యార్డులో భోజన్న పసుపు మీద తాడిపత్రి పరుస్తున్నాడు. చాప దించింది నర్సవ్వ, ఎడమ చేత్తో, పీట మీద నుంచి లేవకుండా.