సబ్బు తగిలిన కప్పుగుడ్డ

1999 మే నెలలో నన్ను విశాఖపట్నం వాహనాల వర్క్‌షాపు నుంచి అరకులోయకు డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నా హోదా చార్జిమన్. ఫిట్టర్లకు పైన, ఫోర్‌మన్‌కు కింద ఉండే మెట్టు అది. ఎక్కడ తప్పు జరిగినా పైవాళ్ళూ కిందివాళ్ళూ కలిసి చూపించే మెట్టు కూడా అదే. మన్యంలో సంతలకు తిరిగి జ్వరాలు పరీక్షించే ఒక వ్యానును నడిచే స్థితిలో ఉంచడం నాకు అప్పగించిన పని.

ఆ వ్యాను మన దేశానిది కాదు. విదేశాల్లో కుటుంబాలు షికారుకు పోయి, అందులోనే వండుకుని పడుకునే రకం. ఒక దాతృసంస్థ వాడేసిన బండిని మన్యానికి పంపింది. దాని కప్పు ట్రంకుపెట్టె మూతలా పైకి లేస్తుంది. వెనక కీలు, ముందు రెండు కడ్డీలు. కప్పు లేచినప్పుడు దాని కింద మడతలు విప్పుకుని గోడలా నిలబడేది దళసరి నూలుగుడ్డ. కప్పు దించితే లోపల నడుం వంచుకుని తిరగాలి. లేపితే నిటారుగా నిలబడవచ్చు, గుడ్డలోని కిటికీల నుంచి వెలుతురు వస్తుంది. మా మైక్రోస్కోపు కరెంటుది కాదు. కింద ఉన్న చిన్న అద్దంతో పగటి వెలుతురు పట్టుకునేది. కప్పు దిగిందంటే దానికి చూపు పోయినట్టే.

ఆ మైక్రోస్కోపు ముందు కూర్చునే లాబ్ టెక్నీషియన్ సుభాషిణి గారిది విజయనగరం. సంతకు వచ్చినవారి వేలిమీద సూది గుచ్చి, రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి ఆరబెట్టి, రంగు వేసి, ఏ జ్వరమో అక్కడికక్కడే చెప్పేవారు. మలేరియాలో మామూలు రకం ఉంది, మెదడుకెక్కే రకం ఉంది. రెంటికీ మందు ఒకటి కాదు. వ్యాను లేకపోతే ఆ పలకలు టౌనుకు వెళ్ళాలి, ఫలితం మళ్ళీ సంతకు గాని కొండెక్కదు. జ్వరాలు ముదిరేదేమో వానల్లోనే. కాబట్టి నా ఉద్యోగమంతా చివరికి ఒక్క మాట: ఆ గుడ్డ కారకూడదు.

మాది సాలూరు. లారీల ఊరు. టార్పాలిన్‌కు మైనం పట్టించడం చూస్తూనే పెరిగాను. ఈ గుడ్డకు మామూలు కొవ్వొత్తి మైనం ఒక్కటే పెడితే చలికి బిరుసెక్కి, మడత దగ్గర పెళుసుగా విరుగుతుంది. అందుకని సంతలో కొండవాళ్ళు తెచ్చి అమ్మే తేనెమైనం కొని అందులో కలిపాను. గుడ్డను ముందు ఉత్త నీళ్ళతో తుడిచి, ఎర్రటి ఎండలో ఆరబెట్టాను. మైనాన్ని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, పొయ్యికి దూరంగా తీసుకెళ్ళి టర్పెంటైన్ కలిపి, గోరువెచ్చగా ఉండగానే బ్రష్షుతో పట్టించాను. కుట్ల దగ్గర లోపలా బయటా మైనం ముద్దతో రుద్దాను. సూది దూరిన ప్రతిచోటా నీరు దూరుతుంది. కప్పు లేపిపెట్టి గొట్టంతో నీళ్ళు కొట్టి చూస్తే చుక్క లోపలికి రాలేదు. గుడ్డ మాత్రం గోధుమరంగుకు తిరిగి, మచ్చలు మచ్చలుగా తయారైంది. మైనం పట్టిన గుడ్డ అలాగే ఉంటుంది.

తొలకరి వానలకు అది బాగానే నిలబడింది. ఇంతలో క్లచ్ ప్లేట్లు తేవడానికి విశాఖ వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చి షెడ్డులో చూస్తే వ్యాను గుడ్డ మల్లెపువ్వులా తెల్లగా ఉంది. హైదరాబాదు నుంచి ఎవరో పెద్దాయన తనిఖీకి వస్తున్నారని మా ఏవో గారు, అంటే బండ్ల మీదా మనుషుల మీదా అజమాయిషీ చేసే పాలనాధికారి, గుడ్డను సలసల కాగే నీళ్ళతో, బట్టల సోడాతో, సబ్బుతో బ్రష్షు పెట్టి తోమించారట. డ్రైవరు అప్పన్న మెల్లగా చెప్పాడు.

“నాను వద్దన్నాను బాబూ. మురికిగుడ్డ ఎట్టుకుని మురికి మాటలేటని కసిరేసినారు. ఏటి సేత్తాం?”

అరికాలి మంట నెత్తికెక్కింది. చెంబుతో నీళ్ళు తెచ్చి గుడ్డ మీద పోశాను. లోపల సీటు తడిసింది. వేడినీళ్ళకూ సోడాకూ మైనమంతా ఊడిపోయింది. ఆ చెంబు పట్టుకునే ఏవో గారి గదికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన నవ్వి, తనిఖీకి వచ్చినాయన వ్యానును ఎంతో మెచ్చుకున్నారని చెప్పారు. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ ఎవరిని చూసి అనేదో అప్పటిదాకా నాకు తెలియదు. మళ్ళీ మైనం పట్టించేదాకా వ్యానును సంతకు పంపవద్దని రాసిచ్చాను. కార్యక్రమం ఆగకూడదని ఆయన రాశారు. వ్యాను వెళ్ళింది, దాని వెంట నేనూ వెళ్ళాను.

ఆ సంతరోజు వాన ధారగా కురిసింది. గుడ్డలోంచి నీళ్ళు గంజి వార్చినట్టు దిగాయి. ఆరడానికి బల్లమీద పెట్టిన పలకల మీది రక్తం కొట్టుకుపోయింది. సుభాషిణి గారు మైక్రోస్కోపును కొంగుతో కప్పి, దానిమీద వంగి కూర్చున్నారు. అప్పుడే బుద్రి అనే కొండామె తన భర్తను డోలీలో మోయించుకొచ్చింది. అతనికి ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. రక్తం తీశారు గాని చూసే వీలు లేదు. మామూలు మాత్రలిచ్చి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాం. ఏ జ్వరమో తేలకుండా ఆ వానలో అంత దూరం ఎలా మొయ్యమంటారని డోలీ మోసినవాళ్ళు అన్నారు. వాళ్ళను తప్పుపట్టే మొహం మాకు లేదు. బుద్రి కారుతున్న గుడ్డకేసి, నాకేసి చూసింది.

“ఏటి బాబూ, మీ గుడ్డ తడిత్తే నా మొగుడికేటి జొరమో తెలదా?”

పలక టౌనుకు వెళ్ళింది. మెదడుకెక్కే రకమని ఫలితం వచ్చేసరికి అతన్ని మట్టి చేసేశారు.

ఆ కబురు తెలిసిన పూటే గుడ్డను వ్యాను నుంచి ఊడదీశాను. ఎండ కోసం చూస్తే ఆ వారమంతా మబ్బు వీడలేదు. తడిగుడ్డకు మైనం పట్టదు. ఆశ్రమ పాఠశాల వంటగది గుర్తొచ్చింది. పొద్దస్తమానం మండే పెద్ద పొయ్యిలు, పైన మొక్కజొన్న పొత్తులు ఆరవేసే అటక. వంటమనిషి గౌరమ్మ గుమ్మంలోనే గరిటె అడ్డం పెట్టింది. పిల్లలు తినేకాడ ఈ మురికిగుడ్డేటని దులిపేసింది. ఎందుకో చెప్పాను. బుద్రి వాళ్ళ ఊరే ఆమె పుట్టినూరు.

“అయితే ఇన్నాళ్ళూ ఏటి సేత్తన్నారు? బేగి పట్రండి,” అని తనే అటక ఖాళీ చేసింది.

గుడ్డ పొగకూ సెగకూ ఎముకలా ఆరింది. పొయ్యి ఉన్న చోట టర్పెంటైన్ పనికిరాదు, భగ్గుమంటుంది. అందుకని మైనం ముద్దలను గుడ్డ మీద నేరుగా రుద్ది, చాకలి దగ్గర బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చి, పాత పంచె ముక్క అడ్డం వేసి, మైనం పోగుల్లోకి ఇంకేదాకా ఇస్త్రీ చేశాను. చివరికి ఆ గుడ్డకు పాత రంగుకు తోడు పొగచూరు నలుపు కూడా వచ్చింది. ఊరి మీద ఎంత వాన పడినా చుక్క దిగలేదు.

తర్వాతి నెల దాతృసంస్థవాళ్ళు వ్యాను చూడ్డానికి సంతకే వచ్చారు. ఏవో గారు వాళ్ళకంటే కాస్త ముందు జీపు దిగారు. గుడ్డను చూడగానే ఆయన మొహం మాడిపోయింది. ఫొటోలో అసహ్యంగా పడుతుంది, వెంటనే కప్పు దించమన్నారు. వాళ్ళు వెళ్ళాక లేపుకోవచ్చని, రేపు సోడా పెట్టి మళ్ళీ తోమించమని కూడా అన్నారు.

లోపల సుభాషిణి గారు పలక చూస్తున్నారు. ఆ పలక బుద్రిది. ఈసారి చలిజ్వరం ఆమెకే. దుప్పటి కప్పుకుని వ్యాను మెట్టు మీద వణుకుతూ కూర్చుంది.

అప్పన్న కప్పు దించడానికి కదిలాడు. నేను వాడికంటే ముందే వెళ్ళాను. కడ్డీల గొళ్ళెం విప్పే పిడి ఒకటుంటుంది. అది లేకుండా కప్పు దిగదు. దాన్ని ఊడదీసి జేబులో వేసుకున్నాను. పిడి ఏదని ఏవో గారు అడిగారు. నా జేబులో ఉందని, పలక చూడ్డం అయ్యాక ఇస్తానని చెప్పాను. ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అన్నారు.

“తెలుసండి. ఈమె మొగుడి రక్తం చూడనివ్వకుండా గుడ్డ ఉతికించినాయనతో,” అన్నాను.

నా గొంతు సంతంతా వినపడిందని తర్వాత అప్పన్న చెప్పాడు. వినపడనివ్వండి, నాకేం. ఏవో గారు వ్యాను తలుపులోంచి సుభాషిణి గారికి చెప్పబోయారు. ఆవిడ కన్ను లెన్సు మీంచి తియ్యకుండా, వెలుతురుకు అడ్డం తప్పుకోమన్నారు. ఆయన తప్పుకున్నారు. ఈలోగా అతిథులు వచ్చారు. వాళ్ళు గుడ్డ వంక చూడనైనా లేదు. లోపల పని జరుగుతోందని, కాస్త ఆగి వస్తామని ఎదురుగా ఉన్న దుకాణం వరండా కిందికి వెళ్ళి నిలబడ్డారు.

బుద్రిదీ మెదడుకెక్కే రకమేనని తేలింది. అప్పటికింకా తల తిరగలేదు, మాట తెలివిగానే ఉంది. సరైన మందు మొదలుపెట్టి, ఏవో గారు వచ్చిన జీపులోనే ఆమెను ఆసుపత్రికి పంపించారు. అతిథుల ముందు ఆయన కాదనలేకపోయారు. రెండు సంతలు గడిచాక ఆమె విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, మా వ్యాను పక్కనే పరిచి అమ్ముకుంది.

నాకు మెమో వచ్చింది. పై అధికారి ఆదేశాన్ని ధిక్కరించి ప్రభుత్వ వాహనపు విడిభాగాన్ని సొంత జేబులో ఉంచుకున్నందుకు సంజాయిషీ అడిగారు. ఉంచుకున్నాను, అవసరమైతే మళ్ళీ ఉంచుకుంటానని రాశాను. డిప్యుటేషన్ రద్దుచేసి విశాఖ పంపేశారు. ఒక ఇంక్రిమెంటు ఆపారు. గుడ్డ ఉతికించినందుకు ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి పాటించాను. ఏ బండినైనా కడగాలన్నా, రంగు మార్చాలన్నా, ముందు దానిలో కూర్చుని పనిచేసే మనిషి ఒప్పుకోవాలి. వాళ్ళు వద్దంటే ఎంత పెద్ద తనిఖీ వచ్చినా బండి మురికిగానే నిలబడేది. ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఒక మనిషి పోవలసిన అవసరం లేదు. చెంబెడు నీళ్ళు పోసి చూసి ఆయనకు చెప్పాను, అది చాలాలి. చాలలేదు.