పాదం మీద గుంట

ద్వాలి టీచర్ వస్తుంటే మా తండా పిల్లలు పారిపోరు, కాళ్లు చాపుతారు. ఆమె కూర్చోదు. నిలబడే వంగి, పాదం మీద బొటనవేలితో నొక్కి, ఒక్క క్షణం చూసి పక్కింటికి పోతుంది. కొత్తవాళ్లు ఆమెకేదో పిచ్చి అనుకుంటారు. అనుకోనీ. ఆ పిచ్చి ఎందుకు పట్టిందో నాకు తెలుసు, అది మొదలైంది మా పక్కింట్లోనే కదా.

కిందటేడు వానలు మొహం చాటేశాయి. ఏన్కూరు అవతల మా తండాలో బోర్లు ఎండాయి, పత్తి నిలువునా మాడింది. మా పక్కింటి హేమ్లి వాళ్లు ఉన్న ఒక్క బర్రెనూ అమ్మేశారు. మొగుడు సత్తుపల్లి వైపు కూలికి పోయాడు. రెండేళ్ల కూతురు నానికి పూటపూటకీ గంజే దిక్కయింది.

ద్వాలి మా అంగన్‌వాడీ టీచర్. ఆ నెల తూకంలో పిల్లలందరూ తగ్గితే నాని ఒక్కతే అరకిలో పెరిగింది. బుగ్గలూ ఉబ్బాయి. ద్వాలికి ఎంత సంబరమో! "చూసినవా హేమ్లీ, బరువు పెరిగిందంటే బిడ్డ మంచిగున్నట్టే" అంది. హేమ్లి ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

వారం తిరిగేసరికి నాని లేచి నిలబడడం మానేసింది. ఏడవడం కూడా మానేసింది. ద్వాలి ఎత్తుకుని చెప్పు తొడగబోతే, వేలు తగిలిన చోట పాదం మీద గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు. పెరిగింది కండ కాదు, సరైన తిండి లేక ఒంటికి పట్టిన నీరు. ట్రైనింగులో నేర్పిన సంగతే, సంబరంలో మరిచిపోయింది. షుకూర్ ఆటోలో భద్రాచలం దవాఖానాకు పరుగెత్తాం. అక్కడ రెండు మూడు గంటలకోసారి కొలిచి పాలు పట్టించారు.

నాలుగో రోజు తూకంలో నాని ముప్పావు కిలో తగ్గింది. హేమ్లి మూట కట్టేసింది.

"పెరిగితే మంచిదని నువ్వే చెప్పినవ్ కదక్కా? ఈడ నా బిడ్డ కరిగిపోతున్నది. సస్తే ఇంటికాడ నా ఒళ్లనే సస్తది."

ద్వాలి వార్డు గుమ్మానికి అడ్డం నిలబడింది. నర్సుల ముందే ఏడ్చేసింది.

"తప్పు నాదే హేమ్లీ. తెల్వక కాదు, సరిగ్గ చూడక చెప్పిన. అది నీరు, ఇప్పుడు దిగుతున్నది. నన్ను నమ్మకు. నువ్వే నొక్కి చూడు."

హేమ్లి మూట దించకుండానే బిడ్డ పాదం నొక్కింది. గుంట పడలేదు. నమ్మలేక మళ్లీ నొక్కింది. మూడోసారికి, అన్నాళ్లూ కిక్కురుమనని నాని కాలు విదిలించి, తల్లి చెయ్యి తోసేసి గొంతు చించుకుని ఏడ్చింది. నర్సు పాలగిన్నె తెస్తుంటే రెండు చేతులూ చాపింది. నాకైతే దుఃఖం ఆగలేదు. హేమ్లి మూట దించింది.

ఈ ఏడు కూడా ఇంకా మబ్బు కనపడలేదు. నిన్న నాని మా వాకిట్లో ఉరుకుతుంటే ద్వాలి ఆపి పాదం నొక్కింది.

"పిల్ల గట్ల ఉరుకుతుంటే ఇంకా ఏందే? జర కూసో" అన్నాను.

"అవ్, కూసుంటా" అంది. గుంట పడలేదు. అయినా రెండో పాదం కూడా నొక్కి చూసి, పక్కింటికి పోయింది.