బాపుదని నేనిచ్చిన ఫోటో

“అక్కా, ఇప్పుడన్న నమ్ముతవా నన్ను?”

“బస్సు కదిలినంక చెప్త, పో.”

జనగామ బస్టాండుల టీచరమ్మకు నాకు నడుమ ఆఖరుకు అయిన మాటలు గివే. ఆమె భూపాలపల్లికి బదిలీ అయి పోతున్నది. కిటికీల కెల్లి తల బయటికి పెట్టి అడిగింది, నేను కింద నిలబడి గట్ల జవాబిచ్చిన. బస్సు కదిలింది. నేను చెప్పిన. ఆమెకు వినపడలే. అటు కండక్టరు సీటీ, ఇటు పల్లీలమ్మేటోని కేక. ఆ తర్వాత నా ఫోను నీళ్ల బకెట్ల పడి సచ్చింది, ఆమె నంబరు దాంతోనే పోయింది. చెప్పిన మాట గాలికే పోయిందని మనసుల కొట్టుకుంటది. అందుకే ఇయ్యాల కూసొని ఈ ముచ్చటంత చెప్తున్న. నాకు సంతకం పెట్టుడు తప్ప రాసుడు రాదు. నేను చెప్తుంటే మా అన్న బిడ్డ రాస్తున్నది. (నేను చెప్పిందే రాస్తున్నవా బిడ్డ, నడుమ నీదేమన్న కలుపుతున్నవా? లేదని తల ఊపుతున్నది. సరే.)

ఆ రోజుల్ల నాకు అనుమానం ఊపిరి లెక్క ఉండేది. ఇరవై ఆరేండ్లకే మొగడు పోయిండు. పిల్లలు కాలే. నర్మెట్ట దగ్గర మా అన్న ఇంటికి వచ్చి పడ్డ. మొగడు లేని ఆడదాన్ని ఊరంత అనుమానంగ చూస్తది కద, నేను గూడ ఊరినంత గట్లనే చూసుడు మొదలువెట్టిన. పాలామె పాలు పోస్తుంటే గిన్నెలకు చూసేదాన్ని కాదు, ఆమె మొఖంలకు చూసేదాన్ని. కోడి ఒక్క రోజు గుడ్డు పెట్టకపోతే పక్కింటి పెద్దవ్వ కన్ను తగిలిందనేదాన్ని. ఆ ముసలామెకు ఒక్క కన్నే సరిగ కనబడేది, ఆ ఒక్కదాని మీదనే ఊరి పాపమంత ఏసిన.

ఇగ మా అన్న బిడ్డ సంగతి. గిది రాస్తున్న పొల్లనే అది, అప్పుడు దానికి ఐదేండ్లు. (సిగ్గుపడకు, రాయి.) ఐదేండ్లు నిండినా ఒక్క మాట రాలే. పిలిస్తే తిరిగి చూడకపోయేది. చింతగింజలు గడప పొంటి వరుస పెడుతది, ఎవలన్న ఒక్కటి కదిలిచ్చిన్రా, ఇల్లెగిరిపోయేటట్టు ఏడుస్తది. కుక్కరు కూత పెడితే రెండు చెవులు మూసుకొని మంచం కిందికి ఉరుకుతది. వదిన పత్తి ఏరవోయేది. అన్న కోతమిషన్ నడుపుకుంట ఊర్లు తిరిగి నెలకోసారి వచ్చేటోడు. పొల్లను చూసుకునేది నేనే. చూసుకునుడంటే, దానికి ఎవలు ఏం చేసిన్రో కనిపెట్టుడే నా పని. ఒక తాయత్తు కట్టిపిచ్చిన. కట్టిన గడియల్నే పటుక్కున తెంపింది. రెండోది కట్టిన, అది గూడ తెంపింది. “చూసినవా వదినా, తాయత్తు ఉండనిస్తలేదంటే లోపట ఏదో ఉన్నట్టే” అన్న. ఆ దారం మెడకు గరగర గుచ్చుకుంటున్నదేమోనన్న ఆలోచన నా పుర్రెకు తట్టనే లే.

నర్మెట్టల గిసొంటి పిల్లల కోసం ఒక సెంటరు తెరిచిన్రు, అంగన్‌వాడి మేడం వెంటపడి మరీ తోలిచ్చింది. అక్కడి టీచరమ్మ రోజు జనగామ కెల్లి బస్సుల వచ్చేది. పుట్టింది మానుకోట దిక్కట. సన్నటి పిల్ల, భుజానికి పెద్ద సంచి, సంచి నిండ బొమ్మల కార్డులు. నీళ్ల బొమ్మ, బువ్వ బొమ్మ, బస్సు బొమ్మ. మొదటి రోజే తలుపు దగ్గరికేసింది, ఫ్యాను బందు పెట్టింది, ట్యూబులైటు ఆర్పింది, పొల్ల పక్కన కింద కూసొని గుసగుస మాట్లాడింది. తలుపేసి, చీకటి చేసి, గుసగుసలాడేది ఎసొంటోళ్లు? (ఫ్యాను టకటకలాడితే, లైటు మిణుకు మిణుకుమంటే ఆ పిల్లలకు తల పగిలినట్టయితదని తర్వాత తెలిసింది. అప్పుడే చెప్పొచ్చు కద అంటరేమో. చెప్పే ఉంటది, నేను వినే మనిషినా?)

రెండో రోజు “అక్కా, నువ్వు రోజు వస్తనే ఉంటవు, ఇక్కడ ఆయాగ చేరరాదా” అన్నది. నన్ను మంచి చేసుకుంటున్నది అనుకున్న. అయినా చేరిన, కాపలా ఉండొచ్చని. నా మొదటి నౌకరి గట్ల మొదలైంది. చీపురు ఒక దిక్కు, కండ్లు ఒక దిక్కు.

మూడో రోజు ఆమె అడిగిన సామాను వింటే మీరు గూడ లేచి కూసుంటరు. “రేపు పాప ఫోటో ఒకటి, అమ్మది ఒకటి, బాపుది ఒకటి తేవా అక్కా. అమ్మ కట్టి విడిచిన పాత చీర ముక్క గూడ. ఇంట్ల ఆడుకునే చింతగింజలు ఒక పిడికెడు.” ఫోటో, విడిచిన బట్ట, చెయ్యి తాకిన గింజలు! మా దిక్కు ఎవలకన్న చేతబడి చెయ్యాలంటే గివే అడుగుతరని చిన్నప్పటి సంది విన్నదాన్ని. “ఎంట్రుకలు వద్దా?” అన్న, లోపటి సంగతి గుంజుదామని. “ఎంట్రుకలెందుకక్కా?” అని అమాయకంగ మొఖం పెట్టింది. మస్తు తెలివిగలది అనుకున్న.

నేనేమన్న తక్కువ తిన్ననా? దుకాణంల కొత్త జాకిట్టు గుడ్డ ముక్క తెచ్చి అదే వదిన చీర అన్న. చింతగింజలు పక్కింటి పెద్దవ్వ చాటల కెల్లి తీసిన. పొల్లకు, వదినకు ఫోటోలే లేవన్న. బాపుది గూడ లేదంటే అనుమానపడుతది. (అనుమానం నా ఒక్కదాని సొత్తా?) పెట్టె తెరిస్తే నా మొగని చిన్న ఫోటో కనబడ్డది. మా ఇంట్ల గోడకు దండ ఏసి పెట్టింది గూడ ఈ ఫోటోనే, పెద్దగ తీపిచ్చి. సచ్చినోనికి చేతబడి చేస్తే ఏమైతది, ఇంకోసారి సస్తడా? ఇంటికి ఇప్పుడన్న అక్కెరకు రానియ్ అని కొంగుల ముడేసుకొని పోయి, “గీయనే బాపు” అని టీచరమ్మ చేతుల పెట్టిన.

ఆమె పాపం ఆ ఫోటోను అట్టకు అంటిచ్చి, రోజు పొద్దున పొల్ల ముంగట పెట్టి “బాపు” అనేది. ఒక్కటే తీరుగ, నెమ్మదిగ, తొందర లేకుంట. పొల్ల జాకిట్టు ముక్కను ముట్టుకొని ఇసిరికొడితే, “అమ్మ వాసనకు పిల్లలు నిమ్మలమైతరు, ఇదేందక్కా గిట్ల చేస్తది?” అని పరేషాన్ అయ్యేది. నేను గోడ దిక్కు తిరిగి నవ్వుకునేదాన్ని. నా మొగడు రోజు సర్కారు సెంటరుల కూసొని మంత్రాలన్ని మీదేసుకుంటున్నడని సంబురం.

పదిహేను రోజులకు అన్న వచ్చిండు. వదిన పొల్లను ముంగటికి తోలి “బిడ్డా, బాపు వచ్చిండు చూడు” అన్నది. అన్న రెండు చేతులు చాపిండు. పొల్ల ఆ చేతుల పక్క కెల్లి జారుకొని పోయి, గోడ కింద నిలబడి, దండ ఏసిన ఫోటోకు వేలు పెట్టి “బాపు” అన్నది.

పుట్టిన ఐదేండ్లకు మొదటి మాట. వదిన చేతుల చాయ గిలాస కిందపడ్డది. గడపల నిలబడ్డ పక్కింటి పెద్దవ్వ “ఓయమ్మో, బావ పట్టిండురా నీ బిడ్డను! పిల్లలు లేక పోయిండు కద, ఆశ తీరక వచ్చిండు” అని రొమ్ము కొట్టుకున్నది. అన్న చాపిన చేతులు మెల్లగ దగ్గరికి తీసుకున్నడు. ఆ చేతులు నేను ఇప్పటికి మరవలే.

అప్పుడే చెప్పొచ్చు. నోరు రాలే. (ఇక్కడ అత్త దగ్గింది.) వదిన చీపురు తిరగేస్తదని కొంత భయం. నేనిచ్చిన ఫోటోతోని టీచరమ్మ నిజంగనే ఆయనను లేపిందేమోనని ఇంకొంత భయం. సెంటరు బందు అన్నరు. తెల్లారి అవతలి ఊరి మంత్రగాని దగ్గరికి పోదామన్నరు. వాడు ఎండు మిరపకాయల పొగ పెట్టి వేపమండలతోని కొడితే ఎసొంటిదైనా దిగుతదట.

పొద్దున ఆటో ఎక్కినం. నిమ్మకాయలు, ఎర్రగుడ్డ, కాళ్లు కట్టిన నల్లకోడి, అన్న, వదిన, నేను, నడుమ పొల్ల. కోడి కొక్కొక్కుమంటే పొల్ల రెండు చెవులు మూసుకొని నా ఒడిల మొఖం పెట్టింది. కోడి కూతకే ఓర్వనిది ఆ పొగల, ఆ కేకల నడుమ ఏమైతది? దాని వీపు మీద చెయ్యేస్తే పిట్ట లెక్క కొట్టుకుంటున్నది. ఎడమకు తిరిగితే మంత్రగాడు, సీద పోతే నర్మెట్ట. ఆ మలుపు కాడ “ఆపు!” అని ఒక్కటే అరుపు అరిచిన.

“ఏందే?” అన్నడు అన్న.

“బావ పట్టలేదే అన్నా. నేనే పట్టిచ్చిన.”

జాకిట్టు ముక్క, పెద్దవ్వ చింతగింజలు, కొంగుల ముడేసిన ఫోటో, అన్ని కక్కిన. “నీ నోట్ల మన్ను వడ, నా మొగని జాగల సచ్చినోన్ని పెడుతవా!” అని వదిన చేతుల ఉన్న నిమ్మకాయ నా నెత్తికేసి కొట్టింది. ఆటో డ్రైవరు కిందికి దిగి మరీ నవ్విండు. అన్న నవ్వలే, తిట్టలే.

“ఆ ఫోటో చూపిచ్చి బాపు అని నేర్పిన్రు. నా బిడ్డ నేర్చుకున్నదా?”

“నేర్చుకున్నది.”

“ఎన్ని రోజులల్ల?”

“పదిహేను.”

“సీద పోనియ్” అన్నడు డ్రైవరుతోని.

టీచరమ్మ అంత విని నవ్వలేక కింద కూలవడ్డది. “అందుకేనా అక్కా, ఎంట్రుకలు వద్దా అన్నవ్!” అని కండ్లు తుడుచుకున్నది. తర్వాత వదినను పక్కన కూసోవెట్టుకొని చెప్పింది. “దీన్ని ఆటిజం అంటరు. పుట్టుకతోనే మెదడు పనిచేసే తీరు వేరుగ ఉంటది. పట్టింది కాదు కద, దింపనీకి. చప్పుడు, వెలుగు, మెడకు తగిలే దారం మనకన్న ఎక్కువ గుచ్చుకుంటయి. చెప్పనీకి మాట రాక ఏడుస్తది. దాని తీరు మనం నేర్చుకుంటే, అది మెల్లగ మనది నేర్చుకుంటది. ఇందుల మీ తప్పేం లేదమ్మా.” ఆ ఆఖరు మాటకు వదిన గొల్లుమన్నది. ఐదేండ్ల సంది ఆమె కడుపునే అందరు తప్పుపట్టిన్రు. అందరంటే, ముందు నేను.

తప్పు నేర్పుడు అల్కగ అయింది, దిద్దుడు మాత్రం మా తలప్రాణం తోకకు తెచ్చింది. అన్న ఫోటో కార్డు పెడితే పొల్ల ఇసిరికొట్టేది. దానికి బాపు అంటే ఆ మీసాలాయననే. అన్న కోతమిషన్ ఇడిసిపెట్టి నెల రోజులు ఇంట్లనే ఉన్నడు. రోజు పొద్దుగూకంగ బావ కార్డు ఒక చేతుల, తన కార్డు ఒక చేతుల పట్టుకొని పొల్ల పక్కన ఊకె కూసునేటోడు. పిలువకపోయేది, ముట్టకపోయేది. ఒకనాడు పొల్ల తనంతట తనే అన్న కార్డు తీసి, ఆయన అంగీ జేబుకు ఆనిచ్చి “బాపు” అన్నది. మొఖంలకు చూడలే, గుండీ దిక్కు చూసింది. అన్నకు గదే చాలు. గోడ మీదాయన తర్వాత మెల్లగ “మామ” అయిండు.

పాపం మా ఆయన. బతికున్నన్ని రోజులు బాపు అనే పిలుపుకు నోచుకోలే. పోయినంక కొన్ని రోజులు పిలిపిచ్చుకున్నడు, అది గూడ నా అనుమానం పుణ్యాన. ఆ దండ ఏసిన ఫోటో తుడిచేటప్పుడు ఇప్పటికి నవ్వొస్తది, నవ్వెనక ఇంకోటేదో వస్తది.

టీచరమ్మ దగ్గర ఐదేండ్లు పనిచేసిన, ఒక్కనాడు గూడ నమ్మిన అని నోటితోని అనలే. ఆ పడుచుతనంల అంత బిర్రు, అంత పంతం నాకెందుకో. బస్సు కదిలినంక నేనన్నది ఇదీ: “ఎప్పుడో నమ్మిన బిడ్డా, నిమ్మకాయ నెత్తికి తాకిన నాడే.”

ఈ పొల్ల ఇప్పటికి కుక్కరు కూతకు బయటికి పోతది. మాట్లాడేది తక్కువ, నా కండ్లల్లకు చూడది, రాసే బుక్కు దిక్కే చూస్తది. కానీ ఏదన్న రాయమంటే ఉన్నదున్నట్టు రాస్తది. నేను నడుమ దగ్గితే, దగ్గింది అని గూడ రాసిందట. గట్లనే ఉండనియ్. ఊరందర్ని అనుమానపడ్డ దాన్ని, నీ రాత మీద మాత్రం నాకు అనుమానం లేదు. ఇగ చదువు బిడ్డ, మొదటి కెల్లి చదివి వినిపియ్యి. ఆ బాపు అన్న కాడ జర ఆగి, రెండుసార్లు చదువు.