మా అన్న నడుము నొప్పి

మొన్న మంగళవారం తాండూరులో మా అన్న పోయాడు. వదిన ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పింది: "మీ అన్న ఇగ లేడు." వికారాబాద్‌లో వంటింట్లో నిలబడి ఆ మాట విన్నాను. ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

అన్న ముప్పై ఏళ్లు నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో బండలు ఎత్తాడు. వేళ్లతో బండను కొట్టి, చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. నన్ను టీచర్ ట్రైనింగ్ చదివించింది ఆ రెక్కల కష్టమే. తోటివాళ్లెవరైనా నడుము పట్టేసిందంటే నవ్వేవాడు. "బండల పనిల నడుం నొయ్యకుంటె పని చెయ్యనట్టే." మా ఇంట్లో నడుము నొప్పిని ఎవరూ జబ్బు కింద లెక్కేయరు.

రక్త క్యాన్సర్ వచ్చినప్పుడు నా ఎముకల్లోని మూలుగ తీసి ఆయనకు ఎక్కించారు. "చెల్లె నెత్తురెక్కింది, ఇగ నాగ్గూడ నోరు లేస్తది" అని వార్డంతా నవ్వించాడు. తర్వాత నా కణాలే ఆయన ఒంటి మీద తిరగబడ్డాయి. వాటిని అణచడానికి నెలల తరబడి స్టెరాయిడ్లు ఇచ్చారు. ముఖం గుండ్రంగా ఉబ్బితే వాడకట్టు వాళ్లు "మస్తు కోలుకున్నడు" అన్నారు. నేనూ మురిసిపోయాను.

అప్పుడే నడుము లాగుతోందన్నాడు, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు. "పాత బండల నొప్పే అన్నా. పండుకుంటె ఎక్కువైతది, జర నడువు" అని బామ్ రాశాను. నెలనెలా హైదరాబాద్‌కు చెకప్‌కు తీసుకెళ్లేది నేనే. డాక్టర్ ఎలా ఉందని అడిగితే, ఆయన నోరు తెరవకముందే "అంతా మంచిగనే ఉన్నది సార్" అనేదాన్ని. రెండు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు తాండూరు స్టేషన్ మెట్ల మీద కాలు లేవక కూలబడ్డాడు.

స్టెరాయిడ్ల వల్ల వెన్నుపాము చుట్టూ కొవ్వు పేరుకుని నరాలను నొక్కుతోందని స్కాన్‌లో తేలింది. చాలా అరుదట. మందు తగ్గిస్తే నా కణాలు మళ్లీ తిరగబడతాయి, తగ్గించకపోతే కాళ్లు రావు. తగ్గించారు. కాళ్లూ రాలేదు, నా కణాలూ ఊరుకోలేదు. చివరికి ఇన్ఫెక్షన్ సోకి ప్రాణం తీసింది. నేను డాక్టర్‌కు ముందే చెప్పి ఉంటే నడిచేవాడేమో. నాకు తెలియదు, ఇక తెలిసేదీ లేదు.

ఆ స్కాన్ రోజు డాక్టర్ అడిగాడు. "ఈ నొప్పి ఎప్పటి నుంచి?"

అన్న నా వైపు చూడకుండానే "నిన్నటిసంది సార్" అన్నాడు. డాక్టర్ కాగితం మీద రాసుకున్నాడు. కాదని చెప్పబోతే, అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డాక్టర్ తలుపు దాటిపోయేదాకా వదల్లేదు.